నేత్రపరీక్ష – కోడు నిర్ణయం : ఒక పరిశీలన

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దల మాట. మన ఇండ్లలో ప్రియమైన బిడ్డను ఉర్దూలో 'నూరే నజర్' అని, తెలుగులో 'కంటిపాప' అని పిలుచుకుంటాము. అట్టి కన్నును పరీక్షించిన వైద్యునికి చెల్లవలసిన రుసుము ఎట్లు నిర్ణయింపబడుతున్నది? చూపునకు చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న నేడు మన విద్యార్థులకు జీవనోపాధి ప్రశ్నగా మారినది. అమెరికా దేశంలో జరిగిన వైద్యపరీక్షల చార్టులను హైదరాబాదు, చెన్నై నగరాలలోని కార్యాలయాలలో మన పిల్లలు చదివి, వాటిని సంఖ్యలుగా మార్చుతున్నారు. ఈ పనినే మెడికల్ కోడింగు అంటున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో డిగ్రీ ముగించి ఈ వృత్తిలో ప్రవేశించినవారిని మేమెరుగుదుము. ప్రవేశింపగోరి మా సలహా అడిగేవారు అంతకంటె ఎక్కువ.

తెలుగు బోధించే మాకు ఈ విషయంతో ఏమి సంబంధమని పాఠకులు సందేహింపవచ్చును. గత రంజాను సెలవులలో మా పూర్వ విద్యార్థిని ఒకరు కళాశాలకు వచ్చినారు. ఆమెది ఉదయగిరి. తల్లి చెక్కచెంచాలు చెక్కి పిల్లలను చదివించినది. ఆమె బి.ఎస్సీ. పూర్తిచేసి, హైదరాబాదులో ఒక సంస్థలో నేత్రవైద్య విభాగపు కోడరుగా పనిచేస్తున్నది. "సార్, డాక్టరు కంటి లోపలి భాగాన్ని చూచినట్లు చార్టులో ఒక్క మాటైనా లేదు. నేను 92012 వేసినాను. 92014 వేయవలసి ఉండగా తక్కువ వేసినావని మా ఆడిటరు తప్పు వేసినారు. నాది తప్పేనా?" అని అడిగినది. మేము ఆనాడు సమాధానం చెప్పలేకపోయినాము. తరువాత ఆమె సాయంతోనే ఈ విషయాన్ని కొంత చదివినాము. చదివిన కొలదీ ఇది లెక్కల విద్య కాదనీ, చదువరి విద్య అనీ మాకు తోచినది. ఆ తోచిన విషయాన్నే ఈ వ్యాసంలో విద్యార్థుల ముందుంచుతున్నాము.

సంఖ్య ఎందుకు?

మన నెల్లూరులో కంటి డాక్టరు వద్దకు పోతే కౌంటరులో ఫీజు చెల్లించి చీటీ తీసుకుంటాము. ఇచ్చేది రోగి, పుచ్చుకునేది డాక్టరు. ఇద్దరి నడుమ మూడవవారు లేరు గనుక ఏ సంఖ్యలూ అవసరం లేదు. మూడవవారు వచ్చినచోట సంఖ్య వస్తుంది. మన రాష్ట్రంలో 2007వ సంవత్సరంలో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైనప్పుడు ప్రభుత్వం ఆ మూడవ స్థానంలో నిలిచినది. వెంటనే ప్రతి చికిత్సకు ఒక ప్యాకేజీ, ప్రతి ప్యాకేజీకి ఒక కోడు అవసరమైనవి. రోగి గదిలో లేనివాడు డబ్బు చెల్లించవలెనంటే, ఆ గదిలో ఏమి జరిగినదో అతనికి ఎవరైనా తెలియజేయవలెను గదా!

అమెరికాలో ఈ మూడవ స్థానం చాల పెద్దది. వృద్ధులకై ఏర్పడిన మెడికేరు అనే ప్రభుత్వ బీమా 1965లో చట్టమై 1966లో అమలులోనికి వచ్చినది. అదే 1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషను వైద్యసేవల సంఖ్యల పుస్తకాన్ని మొదటిసారి ప్రచురించినది. దానినే సి.పి.టి. అంటారు. డాక్టరు ఏమి చేసినాడో ఈ ఐదంకెల సంఖ్య చెబుతుంది. ఎందుకు చేసినాడో చెప్పే సంఖ్య వేరు. అది ఐ.సి.డి. అనే రోగాల పట్టికలోనిది. దాని పదవ కూర్పు అమెరికా బిల్లులలో 2015 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. మొదటిది క్రియ అయితే రెండవది హేతువు. హేతువుతో పొసగని క్రియకు బీమా సంస్థ డబ్బు చెల్లించదు.

ఈ రోగపట్టిక ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణతో చూతము. వయసువలన కంటి కటకపు నడిభాగంలో ఏర్పడే శుక్లానికి కుడికన్ను అయితే హెచ్ 25.11, ఎడమకన్ను అయితే హెచ్ 25.12, రెండు కండ్లూ అయితే హెచ్ 25.13. చార్టులో డాక్టరు 'శుక్లం' అని మాత్రమే వ్రాసి, ఏ కన్నో, ఏ తీరుదో చెప్పకపోతే కోడరు తన ఊహతో పూరించరాదు. మన వ్యాకరణంలో వచనం, విభక్తి తేలనిదే అన్వయం కుదరనట్లే ఇదీను.

కొత్త రోగి, పాత రోగి

కోడు నిర్ణయంలో మొదటి మెట్టు రోగి కొత్తవాడా, పాతవాడా అని తేల్చుకొనుట. ఇక్కడనే చాలమంది తొట్రుపడుతారు. కొత్త జబ్బుతో వచ్చినవాడు కొత్త రోగి కాడు. గడచిన మూడు సంవత్సరాలలో ఆ డాక్టరు గాని, అదే వైద్యబృందంలో అదే విభాగానికి చెందిన మరొక డాక్టరు గాని అతనిని స్వయంగా చూడకపోతేనే అతడు కొత్తవాడు. డాక్టరు మారినా బృందం, విభాగం మారకపోతే రోగి పాతవాడే. నాలుగేండ్ల తరువాత తిరిగివచ్చిన వాడు, ఆ డాక్టరుకు ఎంత పరిచితుడైనా, లెక్కకు కొత్తవాడే. కనుక కోడరు మొదట చూడవలసినది వెనుకటి సందర్శనల తేదీలను.

రెండు కొలతలు

తక్కిన డాక్టర్లకు లేని ఒక వెసులుబాటు నేత్రవైద్యులకు ఉన్నది. వారు సందర్శనను రెండు వేర్వేరు కొలతలలో దేనితోనైనా కొలువవచ్చును.

మొదటిది నేత్రకోడుల కొలత. ఇవి నాలుగే. కొత్త రోగికి మధ్యమ పరీక్ష 92002, సమగ్ర పరీక్ష 92004. పాత రోగికి మధ్యమ పరీక్ష 92012, సమగ్ర పరీక్ష 92014.

రెండవది అన్ని విభాగాల వైద్యులకూ ఉమ్మడిగా ఉన్న కొలత. దీనిని 'ఇ అండ్ ఎం' కోడులంటారు. కొత్త రోగికి 99202 నుండి 99205 వరకు, పాత రోగికి 99212 నుండి 99215 వరకు మెట్లున్నవి. 99211 అనే సంఖ్య కూడ ఉన్నది గాని, అది సాధారణంగా డాక్టరు స్వయంగా చూడనక్కరలేని చిన్న సందర్శనకు సంబంధించినది.

ఈ రెండు కొలతల తేడాను విద్యార్థులు బాగుగా మనస్సునకు పట్టించుకొనవలెను. నేత్రకోడు ప్రధానంగా కన్నులో ఎంతమేర చూచినారో కొలుస్తుంది. ఇ అండ్ ఎం కోడు డాక్టరు ఎంత ఆలోచించి నిర్ణయించవలసి వచ్చినదో కొలుస్తుంది. ఒకటి పరీక్ష విస్తృతి, మరొకటి నిర్ణయ భారం. గుడ్డను మూరతోను, బియ్యాన్ని మానికతోను కొలుస్తాము. ఏ కొలత తగినదో తెలియవలెనంటే ఎదుట ఉన్న వస్తువును ముందు చూడవలెను. ఒకే డాక్టరు ఒకే రోజు ఒకే రోగిని చూచిన సందర్శనకు ఈ రెండు కొలతలనూ కలిపి వేయరాదు. ఏదో ఒకటే.

నేత్రకోడుల నిర్వచనం

సమగ్ర పరీక్ష అనగా దృష్టివ్యవస్థ అంతటినీ చూచుట. రోగి చరిత్ర, సామాన్య ఆరోగ్య పరిశీలన, కంటి వెలుపలి భాగాల పరీక్ష, లోపలి భాగాన్ని ఆఫ్తాల్మోస్కోపుతో చూచుట, దృష్టిక్షేత్రాన్ని స్థూలంగా పరీక్షించుట, కండ్ల కదలికల పరీక్ష – ఇవన్నీ ఉండవలెను. స్లిట్ ల్యాంపు పరీక్ష, కంటిలో చుక్కలు వేసి పాపను విప్పార్చుట, కంటి ఒత్తిడిని కొలుచుట తరచుగా ఉంటాయి. వీటికి తోడు రోగనిర్ధారణకు గాని చికిత్సకు గాని ఒక కార్యక్రమాన్ని డాక్టరు ఆరంభించి ఉండవలెను. మందు వ్రాయుట, మరొక పరీక్షకు ఆదేశించుట, శస్త్రచికిత్సకు ఏర్పాటు చేయుట మొదలైనవి అట్టివి. ఈ చివరి అంశాన్ని చాలమంది మరచిపోతారు. అంతా చూచి, ఏ కార్యక్రమమూ చెప్పకుండ పంపివేసిన పరీక్షకు సమగ్రకోడు నిలువదు.

మధ్యమ పరీక్షకు వచ్చేది ఒక కొత్త బాధ, లేదా పాత బాధలో తలెత్తిన ఒక కొత్త చిక్కు. చరిత్ర, సామాన్య పరిశీలన, కంటి వెలుపలి భాగం, రెప్పలు, పరిసరాల పరీక్ష, అవసరాన్నిబట్టి తక్కిన పరీక్షలు ఇందులో చేరుతవి. పాపను విప్పార్చి చూచినంతమాత్రాన మధ్యమం సమగ్రం కాదు. విప్పార్చనంతమాత్రాన సమగ్రం కాకుండనూ పోదు. పరీక్షకు పట్టిన కాలానికీ ఈ నాలుగు కోడులకూ సంబంధమే లేదు.

ఇక్కడ మా విద్యార్థిని ప్రశ్నకు సమాధానం దొరికినది. ఆమె చదివిన చార్టులో ఆఫ్తాల్మోస్కోపు పరీక్ష లేదు. సమగ్రపరీక్షకు అది తప్పనిసరి అంగం. కనుక 92012 సరియైనది. ఛందస్సు నేర్చిన విద్యార్థులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా మార్చితే చంపకమాల అవుతుంది. తక్కిన పాదమంతా ఒకటే. పద్యం పేరు చెప్పవలెనంటే మొదటి అక్షరాన్ని చూడవలెను గాని, మనకు ఏది ఇష్టమో ఆ పేరు పెట్టుటకు వీలులేదు. అక్షరాలు ఎట్లున్నవో గణాలు అట్లే. చార్టు ఎట్లున్నదో కోడు అట్లే.

ఇ అండ్ ఎం నిర్ణయం

ఈ కోడులు 1992లో ప్రవేశపెట్టబడినవి. మొదట చరిత్రలో ఎన్ని అంశాలున్నవి, పరీక్షలో ఎన్ని భాగాలున్నవి అని లెక్కించుటకు 1995లోను, 1997లోను మార్గదర్శకాలు వెలువడినవి. డాక్టర్లు రోగిని చూచుటకంటె అంశాలు నింపుటకే ఎక్కువ శ్రమపడినారని విమర్శలు వచ్చినవి. 2021 జనవరి 1 నుండి కార్యాలయ సందర్శనలకు ఆ లెక్కింపు రద్దయినది. 99201 అనే సంఖ్యనూ అప్పుడే తొలగించినారు. ఇప్పుడు మెట్టును నిర్ణయించేవి రెండే – వైద్యనిర్ణయ భారం, లేదా కాలం.

వైద్యనిర్ణయ భారానికి మూడు అంగాలున్నవి. మొదటిది, సమస్యలు ఎన్ని, ఎంత జటిలమైనవి. రెండవది, పరిశీలించిన నివేదికలు, పరీక్షాఫలితాలు ఎంత. మూడవది, చికిత్సలో గల అపాయం ఎంత. ఈ మూడింటిలో ఏవేని రెండు ఒక మెట్టును అందుకుంటేనే ఆ మెట్టు కోడు వేయవలెను. ఒక్కటి ఎంత ఎత్తున ఉన్నా చాలదు.

కాలాన్నిబట్టి వేస్తే, కొత్త రోగికి కనీసం 15, 30, 45, 60 నిమిషాలు వరుసగా 99202 నుండి 99205 వరకు. పాత రోగికి కనీసం 10, 20, 30, 40 నిమిషాలు 99212 నుండి 99215 వరకు ఉండవలెను. ఈ కాలం డాక్టరు ఆ రోజున ఆ రోగికై వెచ్చించిన కాలమే. సహాయకులు చుక్కలు వేసిన కాలం, రోగి వరండాలో కూర్చున్న కాలం ఇందులో చేరవు. కాలాన్ని డాక్టరు చార్టులో వ్రాసియుండవలెను.

కొన్ని ఉదాహరణలు

సూత్రం ఎంత చదివినా లక్ష్యం చూడనిదే బోధపడదు. క్రింది ఉదాహరణలు అభ్యాసానికై మేము కల్పించినవి.

ఒకటి. నలుబదియైదేండ్ల స్త్రీ, కొత్త రోగి. దగ్గరి అక్షరాలు మసకబారినవని, కండ్లజోడు కావలెనని వచ్చినది. కంటిలో ఏ రోగమూ లేదు. ఇది చత్వారం. నలుబది అనే అర్థంగల సంస్కృతశబ్దం నుండి మన తెలుగు ఈ పేరు తెచ్చుకున్నది. పట్టికలో దీని సంఖ్య హెచ్ 52.4. అమెరికాలో రోగాలకు ఒక బీమా, కండ్లజోడు వంటి వాటికి మరొక బీమా ఉంటాయి. రోగి ఏ బాధ చెప్పుకొని వచ్చినదో దానినిబట్టి బిల్లు ఏ వాకిలికి పోవలెనో తేలుతుంది. ఈమె బిల్లు కండ్లజోడు బీమాకు పోవలెను. అద్దాల శక్తిని నిర్ణయించే పరీక్షకు 92015 అనే వేరు సంఖ్య ఉన్నది. మెడికేరు దీనికి చెల్లించదు, రోగియే ఇచ్చుకొనవలెను. దీనిని వేరుగా చూపక పరీక్షలోనే కలిపివేయుట తరచు జరిగే పొరపాటు.

రెండు. పాత రోగి. రెండు కండ్లూ ఎర్రబడి దురద. అలర్జీ వలన వచ్చిన కండ్లకలక, హెచ్ 10.13. డాక్టరు వెలుపలి భాగాలు చూచి, చుక్కల మందు వ్రాసినాడు. నేత్రకొలతలో ఇది 92012. ఇ అండ్ ఎం కొలతలో చూస్తే, మందు వ్రాయుట అపాయంలో మధ్యస్థ మెట్టు. కాని సమస్య తాత్కాలికమైనది, చిక్కులు లేనిది. అది క్రింది మెట్టు. నివేదికలు ఏవీ లేవు. రెండు అంగాలు కలిసేది క్రింది మెట్టులోనే. కనుక 99213. మందు వ్రాసినారు గదా అని 99214 వేయుట కొత్తవారు చేసే తప్పు.

మూడు. నీటికాసుల వ్యాధిగల పాత రోగి. కంటి ఒత్తిడి అనుకున్నంత తగ్గలేదు. డాక్టరు అవసరమైన భాగాలు మాత్రమే చూచి, మందు మార్చినాడు. పరీక్ష విస్తృతి తక్కువ గనుక నేత్రకొలతలో ఇది 92012 దాటదు. కాని అదుపులోకి రాని దీర్ఘవ్యాధి మధ్యస్థ సమస్య. మందు నిర్వహణ మధ్యస్థ అపాయం. రెండు అంగాలు కలిసినవి. కనుక 99214 న్యాయంగా నిలుస్తుంది. చూచినది కొంచెమే అయినా ఆలోచించినది ఎక్కువ. ఇట్టిచోట రెండవ కొలతయే జరిగినదానిని సరిగా చెబుతుంది.

నాలుగు. మధుమేహంగల పాత రోగి. ఏడాదికొకసారి కండ్లు చూపించుకొమ్మని వైద్యుడు పంపినాడు. పాపలు విప్పార్చి అంతా చూచినారు. రెటీనాలో దోషం లేదు. మరి ఏ ఉపద్రవమూ లేకపోతే సంఖ్య ఇ 11.9. సమగ్రపరీక్ష అంగాలన్నీ ఉండి, తదుపరి కార్యక్రమం చార్టులో స్పష్టంగా ఉంటే 92014 వేయవచ్చును. ఇ అండ్ ఎం కొలతలో నిలకడగా ఉన్న ఒక్క దీర్ఘవ్యాధి క్రింది మెట్టే గనుక 99213కు మించదు. మూడవ ఉదాహరణకు ఇది సరిగా ఎదురు. ఇక్కడ చూచినది ఎక్కువ, నిర్ణయ భారం తక్కువ. ఇదే రోగికి రెండు కండ్లలోను రెటీనాదోషం తొలిదశలో, మాక్యులా వాపు లేకుండ కనిపిస్తే సంఖ్య ఇ 11.3293గా మారుతుంది. చివరి 3 రెండు కండ్లకు గుర్తు.

ఐదు. వెల్డింగు షాపులో పనిచేసే యువకుడు. కుడికంటి నల్లగుడ్డుపై ఇనుపరజను పడినది. స్లిట్ ల్యాంపుతో చూస్తూ డాక్టరు తీసివేసినాడు. ఆ చిన్న చికిత్సకు 65222, కారణానికి టి 15.01ఎక్స్ఎ. రజను తీయుటకు ముందు చేసే మామూలు పరీక్ష ఆ చికిత్సలోనే కలిసి ఉంటుంది. దానికి వేరు సందర్శనకోడు వేయరాదు. అదే రోజున చికిత్సకు మించిన, వేరుగా గుర్తింపదగిన పరీక్ష నిజంగా జరిగి ఉంటేనే 25 అనే అనుబంధ సంఖ్యను చేర్చి వేయవలెను.

ఈ అనుబంధ సంఖ్యలను మాడిఫయర్లంటారు. ఇవి మన ఉపసర్గల వంటివి. మూలశబ్దాన్ని మార్చకుండ అర్థాన్ని మార్చుతవి. పెద్ద శస్త్రచికిత్స చేయవలెనని ఆ రోజుననో అంతకు ముందురోజుననో జరిగిన సందర్శనలో నిర్ణయిస్తే 57 చేర్చుతారు. శుక్లం ఆపరేషను 66984 తరువాత 90 రోజుల వరకు దానికి సంబంధించిన మామూలు సందర్శనలన్నీ ఆపరేషను రుసుములోనే చేరి ఉంటాయి. ఆ గడువులో అదే డాక్టరు సంబంధంలేని మరొక బాధకు చూస్తే 24 చేర్చుతారు.

న్యాయం ఎక్కడ?

ఇంతవరకు చెప్పినది విధానం. ఇక మా మనస్సులో ఉన్న ముఖ్యవిషయం చెప్పవలసి ఉన్నది.

ఈ వృత్తిలో పెద్ద కోడుకు పెద్ద రుసుము. అందువలన ఎల్లప్పుడూ ఒక ఆకర్షణ ఉంటుంది. చార్టు ఒకే సందర్శనకు రెండు కొలతలనూ నిజంగా సమర్థించినప్పుడు ఎక్కువ రుసుము వచ్చేదానిని ఎన్నుకొనుట తప్పు కాదు. నియమాలే ఆ స్వేచ్ఛనిచ్చినవి. పైన నాలుగవ ఉదాహరణలో 92014 వేయుట అట్టిదే. కాని చార్టులో లేనిదానిని ఉన్నట్లు చూపి పై కోడు వేయుట మరొక సంగతి. అది మోసం. ప్రభుత్వానికి తప్పుడు బిల్లు పంపినవారిపై చర్య తీసుకొనుటకు అమెరికాలో 1863 నాటి చట్టమొకటి ఉన్నది. అంతర్యుద్ధకాలంలో సైన్యానికి నాసిరకపు సరకు అమ్మిన కాంట్రాక్టర్లకై పుట్టిన ఆ చట్టమే నేడు వైద్యబిల్లులకు కూడ వర్తిస్తున్నది. నష్టానికి మూడురెట్లు, ఆపై ఒక్కొక్క బిల్లుకు జరిమానా విధింపవచ్చును.

శిక్షాభయం అటుంచుదము. దివ్య ఖురానులో కొలతలలో మోసగించువారి పేరనే ఒక సూరా ఉన్నదని మన విద్యార్థులకు తెలుసును. తక్కెడ పట్టిన చేయి ఏ మతానికి చెందినదైనా న్యాయం ఒక్కటే. కోడరు చేతిలోని సంఖ్యల పుస్తకం కూడ ఒక తక్కెడయే. వేలమైళ్ళ దూరాన ఉన్న రోగిని ఆమె ఎన్నడూ చూడదు. ఆ రోగి రహస్యాలు మాత్రం ఆమె కంటి ముందుకు వస్తవి. 1996 నాటి హిపా చట్టం ఆ రహస్యాలను కాపాడుమంటున్నది. ఇంతకంటె పెద్ద 'అమానత్' ఏమున్నది?

తక్కువ కోడు వేసి భయంతో తప్పుకొనుట కూడ న్యాయం కాదని మరువరాదు. నీటికాసుల రోగికి ఆలోచించి మందు మార్చిన డాక్టరుకు 99212 వేస్తే అదీ తప్పుడు తూకమే. తక్కెడ ఏ వైపునకు మొగ్గినా తప్పే.

మరి చార్టు అస్పష్టంగా ఉంటే? డాక్టరును వ్రాతమూలకంగా అడుగవలెను. ప్రశ్నలో సమాధానాన్ని సూచింపరాదు. తాను నిజంగా చేసి వ్రాయ మరచినదానిని డాక్టరు చేర్చిననాటి తేదీతోనే అనుబంధంగా చేర్చవచ్చును. చేయనిదానిని చేర్చుటకు డాక్టరుకూ అధికారం లేదు. ఈ మధ్య కంప్యూటర్లే కోడులను సూచిస్తున్నవి. కాని ఆ సూచన సరియా కాదా అని చార్టు చదివి చెప్పగలవారి అవసరం తీరిపోలేదు.

మా విద్యార్థిని నిర్వచనంలోని వాక్యాన్ని చూపి, తనకు వేసిన తప్పును పునఃపరిశీలించుమని పై అధికారులకు వ్రాసుకున్నది. కొన్ని వారాల తరువాత ఆ తప్పును రద్దు చేసినారు. కాని ఆ నెల రావలసిన ప్రోత్సాహకపు సొమ్ము మాత్రం రాలేదు. ఇంటికి ఆ నెల పంపిన డబ్బు తగ్గినదనీ, తల్లికి కారణం చెప్పితే ఆమె మారుమాటాడలేదనీ మాకు చెప్పినది. సత్యానికి ఖరీదు ఉండదని విద్యార్థులకు చెప్పుట అబద్ధమవుతుంది. ఖరీదు ఉన్నది. ఆమె చెల్లించినది.

మనవి

ఈ వృత్తికి జీవశాస్త్రం చదివినవారే పనికివస్తారనే అభిప్రాయం ఉన్నది. శరీరనిర్మాణం నేర్చుకొనక తప్పదు. కాని ఇందులో ప్రధానమైన శక్తి పఠనశక్తి. ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్లు గ్రహించుట, లేనిదానిని చేర్చకుండుట, నిర్వచనంలోని ప్రతి పదానికీ విలువనిచ్చుట నేర్చినవారు రాణిస్తారు. ఒక పద్యానికి ప్రతిపదార్థం శ్రద్ధగా వ్రాసే విద్యార్థికి ఈ అలవాటు అప్పటికే ఉన్నది. కనుక భాషలను తేలికగా చూడవద్దని కోరుతున్నాము.

ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందుగా పెద్ద మొత్తాలు గుంజే శిక్షణాలయాల విషయంలో జాగ్రత్త అవసరం. ఈ రంగంలో పేరున్న సి.పి.సి. పరీక్షను అమెరికాలోని ఏ.ఏ.పి.సి. సంస్థ నిర్వహిస్తున్నది. నాలుగు గంటలలో నూరు ప్రశ్నలకు సమాధానం వ్రాయవలెను. నూటికి డెబ్బది రావలెను. పరీక్షా రుసుము ఎంతో, శిక్షణాలయం తనకై వసూలు చేసేది ఎంతో విడివిడిగా అడిగి తెలుసుకొని, రసీదు పుచ్చుకొన్న తరువాతనే డబ్బు కట్టవలెను.

కళాశాల కమిటీవారికి మాది ఒక చిన్న విన్నపం. సి.పి.టి. పుస్తకం, ఐ.సి.డి. పుస్తకం ఒక్కొక్క ప్రతి గ్రంథాలయానికి తెప్పించినచో విద్యార్థులు చూచి నేర్చుకొనగలరు. అవి ఏటేటా మారుతవి గాని, అభ్యాసానికి ఒక సంవత్సరపు ప్రతియైనా మేలే. వారానికి ఒక గంట ఇంగ్లీషు, జీవశాస్త్రం, వాణిజ్యశాస్త్రం అధ్యాపకులు కలిసి ఈ పాఠం చెప్పితే, ఆ గంటలో మేమూ విద్యార్థులతోపాటు బల్లపై కూర్చొని వినుటకు సిద్ధంగా ఉన్నాము.

ఉదయగిరిలో చెంచా చెక్కే తల్లి చెక్కలో ఉన్న పొరను చూచి ఉలి పెడుతుంది. పొరకు ఎదురుగా పెడితే చెంచా చీలుతుంది. ఆమె కూతురు చార్టులో ఉన్న వాక్యాన్ని చూచి సంఖ్య వేస్తున్నది. పనులు వేరైనా ఇద్దరికీ కావలసినది ఒక్కటే – ఉన్నదానిని ఉన్నట్లు చూడగల కన్ను. అట్టి కన్ను మన విద్యార్థులందరికీ కలుగుగాక అని ఆశిస్తున్నాము.